తీరపు ఊరి బాధ్యత తీసుకున్న నీకు

అమ్మాయీ,

తుపానులు, సునామీల నుంచి ఊరిని కాపాడే కమిటీ నీ చేతికి వచ్చిందని తెలిసి సంతోషించాను. సముద్రానికి అడ్డంగా కట్టే గోడ ఎంత ఎత్తు ఉండాలి, చెట్లు ఎక్కడ నాటాలి అని అడిగావు. చెబుతాను గానీ, దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

తుపాను హెచ్చరిక విన్నాక కూడా కొందరు ఇల్లు కదలరు. ఎందుకు కదలరో ఎండ కాసే మామూలు రోజునే ఇంటింటికీ వెళ్లి అడుగు. గొడ్లను వదిలి రాలేమంటారు. పడవ పోతే బతుకేమిటంటారు. షెల్టర్‌లో మరుగుదొడ్డి లేదన్న సంగతి ఆడవాళ్లు గుచ్చి అడిగితేనే చెబుతారు. 1991లో బంగ్లాదేశ్ తుపానుకు దాదాపు 1,38,000 మంది పోయారు. వాళ్లలో మగవాళ్లకంటే ఆడవాళ్లే చాలా ఎక్కువ. హెచ్చరికలు మాత్రం ముందే వెళ్లాయి. అక్కడ తర్వాత షెల్టర్లు బాగా పెంచారు, పశువుల కోసం ఎత్తైన మట్టిదిబ్బలూ వేశారు. గొడ్డుకు చోటు దొరికితే మనిషి కదులుతాడమ్మా.

ఇక చెప్పే మాట సంగతి. 2013 నవంబరులో హయాన్ తుపానప్పుడు ఫిలిప్పీన్స్‌లో ‘స్టార్మ్ సర్జ్’ వస్తుందని ముందే చెప్పారు. ఆ మాట చాలామందికి అర్థం కాలేదు. సునామీ అని చెప్పుంటే పారిపోయేవాళ్లమని బతికినవాళ్లు తర్వాత అన్నారు. మనకు ఉప్పెన అనే మాట ఉంది, అదే వాడు. అయితే ‘మూడు మీటర్ల ఉప్పెన’ అంటే ఎవరి కళ్లకూ కట్టదు. ‘బడి కిటికీ మునుగుతుంది’ అని మైకులో చెప్పించు. స్తంభాల మీద ఆ ఎత్తున రంగు గీత వేయించు. జనం గాలికి భయపడతారు, కానీ తుపానుల్లో ఎక్కువ ప్రాణాలు తీసింది నీళ్లే. గాలి ఒక్కసారిగా ఆగిందంటే తుపాను కన్ను, అంటే దాని నడిమి ప్రశాంతమైన భాగం, మీ మీదకు వచ్చిందేమో. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది, ఎవరినీ బయటికి రానివ్వకు.

సునామీ విషయంలో మైకు కోసం ఆగవద్దు. నేల చాలాసేపు ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా మెరకకు పరుగెత్తాలి. ఇండోనేషియాలోని సిమెలూ దీవి వాళ్లు 1907 నాటి సునామీని ‘స్మోంగ్’ అనే పేరుతో కథల్లో, పాటల్లో దాచి పిల్లలకు అందించారు. 2004 డిసెంబరు 26న భూమి కంపించగానే కొండెక్కారు. 70 వేలకు పైగా ఉన్న జనంలో పోయింది ఏడుగురే. మీ బడి పిల్లలకు అంత బలంగా నేర్పించు. మొదటి అల వెళ్లిందని కిందికి దిగకూడదని కూడా చెప్పు, వెనక వచ్చేవి ఇంకా పెద్దవి కావచ్చు.

చెట్ల పని ఈ ఏడే మొదలుపెట్టు, ఎదగడానికి ఏళ్లు పడుతుంది. మడ మొక్కలను పోటూ పాటూ తగిలే బురద నేలలోనే నాటించు. ఇసుక దిబ్బలను ఎవరినీ తవ్వనివ్వకు. గోడ గురించి ఇంజనీర్లను అడుగు. కానీ గోడ ఉందిలే అని జనం ఇళ్లలోనే ఉండిపోతే అది ఊరికి చేటే.

ఈ వారం మంచం పట్టినవాళ్ల, గర్భిణుల జాబితా రాయించు. ఒక్కో పేరు పక్కన, వాళ్లను తీసుకెళ్లే ఇద్దరి పేర్లుండాలి. ఆ ఇద్దరూ ఒకే పడవలో వేటకు వెళ్లేవాళ్లు కాకుండా చూసుకో. రాయడం అయ్యాక నాకొక కాపీ పంపు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న