లోపలికి వచ్చే సరుకు గురించి తమ్ముడికి

తమ్ముడూ,

ప్లాంటుకి వచ్చే సరుకు రవాణా మొత్తం ఇకనుంచి నువ్వే చూసుకోవాలని చెప్పారట, చాలా సంతోషం. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కదా, గేటు దగ్గర మొదలుపెట్టు. ఒక వారం అక్కడే నిలబడు. ప్రతి లారీ ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి లోపలికి వెళ్ళింది, ఎప్పుడు ఖాళీ అయి బయటికొచ్చింది, అన్నీ నీ చేత్తోనే రాసుకో.

ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి చిన్న బ్రాకెట్లు లేక మా లైను ఆగిపోయేలా ఉందని రాత్రికి రాత్రి విమానంలో తెప్పించాం. తెల్లారి చూస్తే అవే బ్రాకెట్లు ముందురోజు మధ్యాహ్నం నుంచీ మా గేటు బయట లారీలోనే ఉన్నాయి. ఆ బండిలో ఏముందో సెక్యూరిటీకి తెలియదు, బండి వచ్చిందని స్టోర్స్‌కి తెలియదు. సరుకు వచ్చింది, కబురు రాలేదు. రాత్రంతా కాచుకున్న ఆ డ్రైవర్‌కి కూర్చోడానికి చోటు కూడా ఎవరూ చూపించలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అందుకని సప్లయర్ లోడు ఎక్కించిన వెంటనే ఏ వస్తువు, ఎన్ని, ఏ లారీలో వస్తోందో నీకు చేరాలి. ప్రతి లారీకి దించుకునే టైము ముందే ఇవ్వు. పొద్దున్నే లారీలన్నీ ఒక్కసారి వచ్చి పడి, మధ్యాహ్నం డాకులు, అంటే సరుకు దించే చోట్లు, ఖాళీగా ఉంటుంటే కొత్త డాకు కట్టడం డబ్బు దండగ. టైము ఇచ్చాక నువ్వూ దానికి కట్టుబడాలి. ఎనిమిదింటికి రమ్మని రెండింటికి దించుకున్నావనుకో, మరుసటిసారి అతను రెండింటికే వస్తాడు. బండి ఆపి ఉంచినందుకు కట్టే హాల్టింగ్ చార్జీలు సరేసరి, మంచి ట్రాన్స్‌పోర్టర్లు మన ప్లాంటుకి బండి పెట్టడానికే వెనకాడతారు.

ఇక డబ్బు సంగతి. చాలామంది సప్లయర్ల ధరలో రవాణా కలిసే ఉంటుంది. డెలివరీ ఫ్రీ అని పర్చేజ్ వాళ్ళు మురిసిపోతారు గానీ ఆ ఖర్చు మనమే కడుతున్నాం, కనపడదంతే. పెద్ద సప్లయర్లను సరుకు ధర వేరుగా, రవాణా వేరుగా కోట్ చేయమను. వాళ్ళ రేటే తక్కువైతే వాళ్ళకే వదిలెయ్. రవాణా మనం తీసుకుంటే మాత్రం ఆ ఖర్చుని సరుకు ధరలోంచి తగ్గించి తీరాలి, లేకపోతే రెండుసార్లు కట్టినట్టే. వారానికో పెట్టె పంపేవాళ్ళ జోలికి ఇప్పుడే పోకు.

విదేశాల నుంచి తెప్పించే సరుకుకైతే ఇన్‌కోటెర్మ్స్ 2020లో, అంటే ఏ పని, ఏ ఖర్చు అమ్మేవాళ్ళది, ఏది కొనేవాళ్ళది అని చెప్పే అంతర్జాతీయ నియమాల్లో, ఉన్న 11 నిబంధనలూ కూర్చుని చదువు. రవాణా మన చేతిలో ఉండాలని చాలామంది ఈఎక్స్‌డబ్ల్యూ, అంటే అమ్మేవాళ్ళ చోటే సరుకు మనకి అప్పగించే నిబంధన, రాసేస్తారు. అలా రాస్తే సరుకు బండికెక్కించే పూచీ, అక్కడి ఎగుమతి క్లియరెన్సు కూడా మన నెత్తిమీదే పడతాయి. పరాయి దేశపు కస్టమ్స్‌లో మనం తిరగగలమా? సప్లయర్ గోదాము దగ్గర అప్పగించేలా ఎఫ్‌సీఏ అనే నిబంధన రాయించు. అప్పుడు ఆ రెండు పనులూ అమ్మేవాళ్ళవే, అక్కణ్ణుంచి బండి మనది.

ఒకే దారిలో ఉన్న నలుగురు సప్లయర్ల నుంచి రోజూ నాలుగు లారీలు పావు లోడుతో వస్తుంటే, ఒక్క లారీనే నలుగురి దగ్గరికీ తిప్పు. మిల్క్ రన్ అంటారు దీన్ని. వెళ్ళేటప్పుడు ఖాళీ ట్రేలు, వచ్చేటప్పుడు నిండినవి. కానీ ఒకరు అరగంట ఆలస్యం చేస్తే తక్కినవాళ్ళ సరుకూ ఆలస్యమవుతుంది. లోడు టైముకి సిద్ధంగా ఉంచని సప్లయర్‌ని మొదట్లో ఇందులో కలపొద్దు, ఎంత పెద్దవాళ్ళైనా సరే.

ప్యాకింగ్ కూడా చూడు. విమానంలో సాధారణంగా పెట్టె సైజులో 6,000 ఘనపు సెంటీమీటర్లను ఒక కిలోగా లెక్కేస్తారు, అసలు బరువు కన్నా అది ఎక్కువైతే దానికే బిల్లు. 60×50×40 సెంటీమీటర్ల పెట్టెలో 6 కిలోల ప్లాస్టిక్ భాగాలు పంపితే బిల్లు 20 కిలోలకు వస్తుంది.

అర్జంటుగా తెప్పించిన ప్రతిసారీ కారణం రాయించు. ప్లానింగ్ మారిందా, సప్లయర్ ఆలస్యమా, స్టోర్స్ లెక్క తప్పిందా? ఖర్చు కూడా ఆ డిపార్ట్‌మెంటు ఖాతాలోనే పడాలి. మొదటి నెల గొడవలవుతాయి, టెన్షన్ పడకు, పట్టు వదలకు.

గేటు దగ్గర రాసిన పేజీలు ఫోటోలు తీసి నాకు పంపు. ముందు ఏ సప్లయర్‌తో మాట్లాడాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
అన్నయ్య