బోటు వైరుకి సోల్డరింగా, క్రింపింగా?

ప్రశ్న: మా ఫైబర్ బోటులో బిల్జ్ పంపు (అడుగున చేరిన నీటిని తోడే పంపు) వైరు సోల్డర్ చేసిన చోటే మళ్లీ మళ్లీ తెగుతోంది. క్రింప్ చేయిస్తే, అంటే లోహపు కనెక్టరులో వైరు పెట్టి నొక్కిస్తే, ఆగుతుందా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: తెగిన కొస ఒకసారి పరీక్షగా చూడండి. సోల్డర్ ముద్ద చెక్కుచెదరదు, అది ఆగిన అంచు దగ్గరే పోగులు తెగి ఉంటాయి. కరిగిన సోల్డర్ పోగుల్లోకి పాకి గట్టిపడుతుంది, ఇంజన్ అదురంతా ఆ అంచు మీదే పడుతుంది. అమెరికాలో బోట్లకు ప్రమాణాలు రాసే ఏబీవైసీ కూడా సోల్డర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటుంది.

అందుకే క్రింపింగే మేలు. దానికి తగరం పూత ఉన్న రాగి వైరు, దాని సైజుకి సరిపోయే కనెక్టరు, రాచెట్ క్రింపర్ (పూర్తిగా నొక్కేదాకా వదలని పనిముట్టు) వాడండి. కటింగ్ ప్లయర్‌తో నొక్కే క్రింపింగ్ కంటే మీ పాత సోల్డరింగే నయం! నొక్కాక గట్టిగా లాగి చూడండి. ఊడకపోతే, ముందే వైరుకి తొడిగి ఉంచిన, లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే) గొట్టాన్ని అతుకు మీదికి జరిపి, రెండు కొసల్లో జిగురు కనిపించేదాకా వేడి చేయండి.