సమాధానం: మోరిసన్స్ జిగ్ 1903 పుస్తకంలో ఎందుకు దొరకడం లేదు?

మీ ప్రశ్న చదివాను. పాతకాలపు 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు మీద ‘మారిస్ కార్మొడీస్ ఫేవరిట్’ అని ఉంది, పాట మాత్రం అచ్చం మోరిసన్స్ జిగ్‌లా (జిగ్ అంటే ఐరిష్ నాట్యానికి వాయించే బాణీ) వినిపిస్తోంది, ఐరిష్ బాణీలు సేకరించిన ఓనీల్ 1903 పుస్తకంలో ఆ పేరే లేదు అన్నారు. టెన్షన్ పడకండి, లేబుల్ తప్పు కాదు.

జేమ్స్ మోరిసన్ ఐర్లండ్‌లోని స్లైగోకు చెందిన ఫిడేలు విద్వాంసుడు, తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడ్డాడు. పుట్టింది 1893లో. 1903కి పదేళ్ల పిల్లాడు, అప్పటి పుస్తకంలో ఆయన పేరు మీద పాట ఎలా ఉంటుంది చెప్పండి! ఐర్లండ్‌లోనే కెర్రీ నుంచి వచ్చిన అకార్డియన్ వాద్యకారుడు టామ్ కార్మొడీ దగ్గర ఈ జిగ్ నేర్చుకుని 1936లో రికార్డు చేశాడు. మీ లేబుల్ మీది మారిస్ అంటే టామ్ తండ్రి. ఆ ఇంట్లో దీన్ని ‘స్టిక్ అక్రాస్ ద హాబ్’ అనేవారట, అంటే పొయ్యిగట్టు మీద అడ్డంగా పెట్టిన కర్ర. రికార్డు విని వాయించినవాళ్లు వాయించినాయన పేరే తగిలించారు. కాబట్టి ‘స్వరకర్త: మోరిసన్’ అని మాత్రం రాయకండి.

ఐరిష్ పాటల్ని పేరుతో వెతికితే ఇలాగే తిప్పలు. మొదటి స్వరాలతో వెతకండి. పాశ్చాత్య స్వరం ‘ఇ’ (E)ని షడ్జమం అనుకుంటే ఎత్తుగడ ఇది: సా, పా, | సపస మరిని | సనిస పా, (‘ని’ మంద్రంలో). అన్నట్టు దీని స్వరాలు మన ఖరహరప్రియవే, నడక ఆరేసి అక్షరాలది. మీ రికార్డులో ఈ ఎత్తుగడ వినిపిస్తే అదే పాట.