పోలిష్ వస్తే చెక్ వచ్చినట్టేనా?

భాషా సందేహాల శీర్షికకు ఈసారి చెక్, పోలిష్ భాషల మీద ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. జవాబుల్లోని విదేశీ మాటలను వీలైనంత వరకు పలికే తీరుకు దగ్గరగా తెలుగు లిపిలో రాశాం.

ప్రశ్న: పైచదువుకి ప్రాగ్, వార్సాల్లో ఒకటి ఎంచుకోవాలి. రెండు భాషలూ ఒకటేనని కొందరు అంటున్నారు, చెక్ సులువని ఇంకొందరు. తెలుగువాళ్ల నోటికి ఏది తొందరగా పడుతుంది?

జవాబు: ఒకటి కాదు. రెండూ పశ్చిమ స్లావిక్ శాఖలోవే. ఏడు విభక్తులు, మూడు లింగాలు రెండింటిలోనూ ఉన్నాయి. కానీ వినడానికి చాలా వేరుగా ఉంటాయి. చెక్‌లో ఊనిక మాటలోని మొదటి అక్షరం మీద పడుతుంది. పోలిష్‌లో సాధారణంగా చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. చెక్‌లో హ్రస్వ దీర్ఘాలతో అర్థం మారిపోతుంది, పోలిష్‌లో దీర్ఘాలే లేవు.

ఈ దీర్ఘాల విషయంలో తెలుగువాళ్లు ముందంజలో ఉంటారు. చెక్‌లో 'పస్' అంటే పాస్‌పోర్టు, 'పాస్' అంటే బెల్టు. 'ద్రాహ' అంటే రైలు మార్గం, 'ద్రహా' అంటే ఖరీదైనది. 'ద్రహా'లో ఊనిక మొదటి అక్షరం మీద, దీర్ఘం రెండో అక్షరంలో. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఊనిక పడ్డచోటే సాగదీసి తప్పు చేస్తారు. మనకి ఆ రెండూ వేరని చిన్నప్పటి నుంచీ తెలుసు.

చెక్‌లో నిజంగా కష్టపెట్టేది ఒకే ధ్వని, టోపీ గుర్తున్న 'ర్'. నాలుక కొన రకారానికి ఆడుతుండగానే పళ్లు దగ్గరకు చేర్చి గాలి వదలాలి. ముందు 'ర్', తర్వాత 'ష్' అని విడివిడిగా పలికితే తప్పు, రెండూ ఒకే క్షణంలో రావాలి. మూడు అనే అర్థమున్న 'త్ర్షి'తో సాధన మొదలుపెట్టండి. 'త్' పలికేసరికే నాలుక కొన సరైన చోటికి చేరి ఉంటుంది.

పోలిష్‌లో ష, శ రెండూ వేరువేరు ధ్వనులు. 'ప్రొషె' అంటే దయచేసి, 'ప్రొశె' అంటే పందిపిల్ల. ష కి నాలుక కొన పైకి లేవాలి. శ కి కొన కింది పళ్ల వెనక ఉండి, నాలుక మధ్యభాగం అంగిలికి దగ్గరవ్వాలి. వర్ణమాలలో మనకి రెండూ ఉన్నాయి, మాటల్లో కలిపేసే అలవాటు మాత్రం మానుకోవాలి. ఇంకో లాభం: రెండు భాషల్లోనూ 'సి' అక్షరం ఒంటరిగా ఉంటే 'చాలు'లోని దంత్య చకారంలా పలుకుతుంది.

తెలుగువాళ్లు ఎక్కువగా దెబ్బతినేది వేరేచోట. బస్సు, కారు అన్నట్టు హల్లుతో ముగిసే ప్రతి మాటకీ చివర 'ఉ' చేరుస్తాం. ఇక్కడ ఆ 'ఉ' ఒక విభక్తి ప్రత్యయం. పోలిష్‌లో 'దొమ్' అంటే ఇల్లు, 'దొము' అంటే ఇంటి. చెక్‌లో 'హ్రత్' అంటే కోట, 'హ్రదు' అంటే కోట యొక్క. యాస అనుకుని వదిలేస్తే వాక్యంలో వ్యాకరణమే మారిపోతుంది. మొదటి నెలలోనే చివరి హల్లును హల్లుగా ఆపడం నేర్చుకోండి.

నోటి సులువును బట్టి ఊరు ఎంచుకోకండి. చెక్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చెక్ మాధ్యమంలో చదివితే విదేశీయులకూ ట్యూషన్ ఫీజు ఉండదు. మీ నిర్ణయానికి ఈ సంగతి ఉచ్చారణ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: మూడేళ్లుగా క్రాకోలో ఉద్యోగం, పోలిష్ బాగానే మాట్లాడతాను. ఇప్పుడు చెక్ నగరం బ్ర్నోకి బదిలీ. ఉన్న పోలిష్ ఎంతవరకు పనికొస్తుంది?

జవాబు: చదవడానికి చాలా, వినడానికి కొంత పనికొస్తుంది. మాట్లాడేటప్పుడు మాత్రం కొన్నిచోట్ల మిమ్మల్ని ఇరకాటంలో పెడుతుంది.

ముందు లాభం చూద్దాం. రెండు భాషల మధ్య మాటలు క్రమపద్ధతిలో మారతాయి. పోలిష్ 'గ' చెక్‌లో 'హ' అవుతుంది: కాలు 'నొగ' అక్కడ 'నొహ', కొండ 'గుర' అక్కడ 'హొర'. చెక్ హకారం మన హ లాంటిదే, గొంతు నాదంతో పలకాలి. పోలిష్‌లోని రొ, లొ చాలా మాటల్లో ర, ల అవుతాయి: ఆవు 'క్రొవ', చెక్‌లో 'క్రావ'. తల 'గ్వొవ' (ఇందులోని మొదటి 'వ' రాతలో గీత ఉన్న 'ల'), చెక్‌లో రెండు మార్పులూ కలిసి 'హ్లవ'. పోలిష్ అనునాసిక అచ్చులను చెక్ ఎప్పుడో వదిలేసింది: చెయ్యి 'రెంక', చెక్‌లో 'రుక', పిండి 'మొంక', చెక్‌లో 'మౌక'. ఈ నాలుగైదు సూత్రాలు పట్టుబడితే బోర్డులు, నోటీసులు సగం వాటంతట అవే అర్థమవుతాయి.

బ్ర్నో పేరులోనే ఇంకో సూత్రం ఉంది. అందులో మొదటి అక్షరానికి అచ్చు లేదు, 'ర్' అనేదే అచ్చు పని చేస్తోంది. తోడేలు పోలిష్‌లో 'విల్క్', చెక్‌లో 'వ్ల్క్'. మన వర్ణమాలలోని ఋ, ఌ అసలు ఇలాంటి అచ్చులే. సంస్కృత 'వృక' శబ్దం కూడా ఈ మాటకి దూరపు చుట్టమే!

ఇక ఇరకాటాలు. రొట్టెల దుకాణంతో మొదలుపెడదాం. పోలిష్‌లో 'చెర్‌స్త్వి' అంటే ఎండిపోయిన పాత రొట్టె. చెక్‌లో 'చెర్‌స్త్వీ' అంటే తాజాది. తేడా ఒక్క దీర్ఘమే. బ్ర్నోలో బోర్డు మీద ఆ మాట కనిపిస్తే వెనక్కి రాకండి. పోలిష్ 'స్క్లెప్' దుకాణం, చెక్ 'స్క్లెప్' నేలమాళిగ. పోలిష్ 'జఖుత్' పడమర, చెక్ 'జాఖొత్' మరుగుదొడ్డి. పోలిష్ 'జపఖ్' మామూలు వాసన, చెక్ 'జాపఖ్' దుర్గంధం. అన్నిటికన్నా ముఖ్యం, వెతుకుతున్నానని చెప్పే పోలిష్ 'షుకమ్' చెక్‌లో బూతు. చెక్‌లో 'హ్లెదామ్' అనాలి. దారి అడిగేటప్పుడు ఈ మాటే ముందు నోటికొస్తుంది కాబట్టి బదిలీకి ముందే దీన్ని మార్చుకోండి.

నెలల పేర్ల వల్ల డబ్బు నష్టం కూడా జరగొచ్చు. పోలిష్ 'క్వ్యెచెన్' ఏప్రిల్, దాన్ని పోలిన చెక్ 'క్వ్యెతెన్' మే. పోలిష్ 'చెర్‌వ్యెత్స్' జూన్, చెక్ 'చెర్వెనెత్స్' జూలై. చెక్‌లో జూన్ 'చెర్వెన్'. అద్దె ఒప్పందం, టికెట్, డాక్టరు అపాయింట్‌మెంట్ ఏదైనా తేదీని అంకెల్లో రాయించుకోండి. రెండు దేశాల్లోనూ ముందు రోజు, తర్వాత నెల. నవంబరు మాత్రం రెండింటిలోనూ 'లిస్తొపత్', అంటే ఆకులు రాలే నెల.

మరొకటి. పాఠ్యపుస్తకపు చెక్ వేరు, ముఖ్యంగా ప్రాగ్, బొహీమియా వీధుల్లో వినపడేది వేరు. చిన్న వయసున్న అనే అర్థమున్న పుస్తకంలోని 'మ్లదీ' అక్కడ 'మ్లదెయ్' అవుతుంది, కిటికీ 'ఒక్నొ' కాస్తా 'వొక్నొ' అవుతుంది. వినడానికి రెండూ అలవాటు చేసుకోండి, రాసేటప్పుడు పుస్తక రూపమే వాడండి.

ప్రశ్న: కొత్తవాళ్లతో గౌరవంగా మాట్లాడటం రెండింటిలో ఒకేలా ఉంటుందా? వాక్యం కూర్పులో ఎక్కువగా జరిగే తప్పేది?

జవాబు: గౌరవం చూపే తీరు వేరు. చెక్ పద్ధతి మనదే: ఒక్కరినైనా బహువచనంలో 'వి' అంటారు, మన 'మీరు'లాగే. కాకపోతే భూతకాలంలో క్రియకు తోడొచ్చే మాట బహువచనం, అసలు క్రియ ఏకవచనం. ఒక మగమనిషితో 'బిల్ స్తె', ఆడమనిషితో 'బిల స్తె' అనాలి. అంతా బహువచనం చేసి 'బిలి స్తె' అంటే ఎదురుగా పలువురు ఉన్నట్టు.

పోలిష్‌లో 'పన్', 'పని' అనే మాటలతో ప్రథమపురుషలో మాట్లాడాలి. 'చి పని మ బిలెత్?' అంటే 'అమ్మగారి దగ్గర టికెట్ ఉందా?' అన్నట్టు. తెలియనివారిని బహువచనంలో పిలిస్తే పల్లెటూరి యాసలాగో, కమ్యూనిస్టు పార్టీ కాలపు మాటలాగో వినిపిస్తుంది.

సంబోధన విభక్తి రెండు భాషల్లోనూ ఉంది. రాముడు 'రామా' అయినట్టే నొవాక్‌గారిని చెక్‌లో 'పనె నొవాకు' అని పిలవాలి. పోలిష్‌లో స్నేహితుల పేర్లకు ఇది తగ్గుతోంది, హోదాతో పిలిచేటప్పుడు మాత్రం తప్పనిసరి.

తప్పులన్నిటిలో ఎక్కువగా కనిపించేది చెక్ భూతకాలంలో. నిన్న టికెట్ కొన్నాను అనడానికి పోలిష్‌లో 'ఫ్చొరయ్ కుపివెమ్ బిలెత్' అంటారు. కొన్నా-ను లో 'ను' అతికినట్టు 'నేను' అన్న సూచన క్రియకే అతుక్కుంటుంది. చెక్‌లో 'ఫ్చెర సెమ్ కౌపిల్ లీస్తెక్'. ఇక్కడ 'సెమ్' విడిమాట, వాక్యంలో రెండో స్థానం దానిదే. నిన్న అనే మాట తీసేస్తే 'కౌపిల్ సెమ్ లీస్తెక్' అవుతుంది. రాతలో 'సెమ్'తో వాక్యం మొదలుపెట్టకూడదు. 'సె' అనే ఆత్మార్థక పదం కూడా ఉంటే అది 'సెమ్' తర్వాతే: 'ఫ్చెర సెమ్ సె ఉచిల్', నిన్న చదువుకున్నాను. మాట్లాడేది స్త్రీ అయితే చెక్‌లో 'కౌపిల', పోలిష్‌లో 'కుపివమ్'.

ప్రశ్న: రాతలో 'సి', 'హెచ్'తో మొదలయ్యే 'ఖ్లేప్' (రొట్టె) అన్న మాట చెక్ నిఘంటువులో 'సి' కింద కనపడటం లేదు. కీబోర్డు మీద రెండు భాషల అక్షరాల గుర్తులు ఎలా కొట్టాలి?

జవాబు: చెక్‌లో 'సి', 'హెచ్' కలిస్తే ఒకే అక్షరం, దాని చోటు 'హెచ్' తర్వాత. అక్కడ చూడండి. పోలిష్ నిఘంటువులో మాత్రం 'సి' కిందే ఉంటుంది.

పోలిష్‌కి 'ప్రోగ్రామర్' లేఅవుట్ పెట్టుకోండి. కుడి ఆల్ట్‌తో 'ఎ' నొక్కితే అనునాసిక అక్షరం వస్తుంది. చుక్క ఉన్న 'జెడ్' కోసం ఆల్ట్‌తో 'జెడ్', గీత ఉన్నదానికి ఆల్ట్‌తో 'ఎక్స్'. చెక్ లేఅవుట్‌లో అంకెల వరుస మీదే గుర్తులున్న అక్షరాలు ఉంటాయి, 2 నుంచి 0 దాకా. అంకె కావాలంటే షిఫ్ట్ నొక్కాలి. 'వై', 'జెడ్' తారుమారుగా ఉంటాయి. పాస్‌వర్డు పదేపదే తప్పని చూపిస్తే చాలాసార్లు కారణం ఇదే.

ప్రశ్న: స్థిరనివాసానికి, పౌరసత్వానికి ఏ స్థాయి అడుగుతారు?

జవాబు: చెక్ రిపబ్లిక్‌లో శాశ్వత నివాసానికి ఎ2 (ఐరోపా భాషా కొలమానంలో ఎ1, ఎ2, బి1 వరుసగా మొదటి మూడు మెట్లు). 2021 సెప్టెంబరుకు ముందు ఎ1 సరిపోయేది, కాబట్టి పాత సమాచారం నమ్మకండి. పౌరసత్వానికి బి1, దాంతోపాటు దేశ విషయాల మీద మరో పరీక్ష. పోలండ్‌లో పౌరసత్వ గుర్తింపుకి బి1. పోలిష్ సర్టిఫికెట్ చెక్ రిపబ్లిక్‌లో చెల్లదు, చెక్ సర్టిఫికెట్ పోలండ్‌లో చెల్లదు. ఒకదానికి సిద్ధమవుతున్న నెలల్లో రెండోదాన్ని పూర్తిగా పక్కన పెట్టండి. వ్యాస పరీక్షలో ఒక భాష ప్రత్యయం ఇంకో భాష మాటకి అతుక్కోవడం ఎక్కువగా జరిగేది అప్పుడే.