తాళాలు అప్పగించాక నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: నా వయసు 62. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద ముప్పై ఏళ్లకు పైగా లస్కర్‌గా, అంటే తూములు తెరిచి మూస్తూ గట్టు కాసే మనిషిగా, పనిచేసి నిరుడు రిటైరయ్యాను. పదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాను. నాలుగు నెలలుగా తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చి గుండె దడగా ఉంటోంది, చెమటలు పడుతున్నాయి. ఈసీజీ, ఎకో బాగానే ఉన్నాయన్నారు. ఆకలి లేదు. తూముల తాళాల గుత్తి తగిలించే మేకు గోడకు ఇంకా అలాగే ఉంది, లేవగానే చూపు అటే పోతుంది. మా అబ్బాయి ‘ఇన్నేండ్లు చేసినవ్ గదా నాయినా, ఇగ సల్లగ కూసో’ అంటాడు. ఉద్యోగం పురుష లక్షణం అన్నారు. అది పోయాక ఇంకేం మిగిలింది? దీనికి మందు ఉందా?
– ఒక పాఠకుడు, హాలియా

సమాధానం: మీ చివరి ప్రశ్నకు తర్వాత వస్తాను. ముందు ఆ చెమటల సంగతి తేల్చుకోవాలి. గ్లిమిపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయించే మందు. మీరు తిన్నా తినకపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. డ్యూటీ రోజుల్లో గట్టంతా తిరిగి వచ్చి రాత్రి కడుపునిండా తిని ఉంటారు. ఇప్పుడు ఆకలి లేదని నాలుగు ముద్దలతో లేచిపోతూ, మాత్ర మాత్రం పాత మోతాదులోనే వేసుకుంటూ ఉంటే, తెల్లవారేలోగా రక్తంలో చక్కెర పడిపోయే అవకాశం ఉంది. అలా పడిపోయినప్పుడు గుండె దడ, చెమట, ఉన్నట్టుండి మెలకువ రావడం సహజం. ఈసీజీలో, ఎకోలో ఇది కనిపించదు.

అందుకని ఇంట్లో గ్లూకోమీటరు పెట్టుకొని, ఆ వేళకు మెలకువ వచ్చినప్పుడల్లా పరీక్షించి, వచ్చిన అంకెను తేదీతో సహా కాగితం మీద రాసిపెట్టండి. 70 కంటే తక్కువ వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకొని తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసి, ఏదైనా తిని, ఆ రోజే మీ డాక్టరును కలవండి. రాత్రి మాత్రను తగ్గించాలా, మార్చాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు. రిటైరయ్యాక సాయంత్రం పూట కల్లో మందో అలవాటై ఉంటే ఆయన దగ్గర దాచవద్దు, ఎందుకంటే ఖాళీ కడుపు మీద అది చక్కెరను ఇంకా కిందికి లాగుతుంది.

అదే రోజు బి12, థైరాయిడ్, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, మూడు నెలల షుగర్ సగటు కూడా చూపించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గిపోవడం మేము తరచూ చూసేదే; నీరసం, అరికాళ్ల తిమ్మిర్లు, ఒక్కోసారి దిగులు కూడా దాని వల్ల రావచ్చు. మూత్రపిండాల పని మందగిస్తే గ్లిమిపిరైడ్ ప్రభావం మరింత ఎక్కువసేపు ఉంటుంది, క్రియాటినిన్ అడుగుతున్నది అందుకే.

ఇక మీ అబ్బాయి ప్రేమతో చెప్పిన మాటను వైద్యుడిగా నేను ఒప్పుకోలేను. వారబందీ (వంతులవారీగా నీళ్లు వదిలే) రోజుల్లో ఏ తూముకు ఎప్పుడు నీళ్లు వదలాలో చూసుకుంటూ, షట్టర్లు తిప్పుతూ, గండి పడుతుందేమోనని గట్టు వెంబడి తిరుగుతూ రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడిచారో మీరే లెక్క వేసుకోండి. దాన్ని మీరు వ్యాయామం అనుకొని ఉండరు. రిటైరయ్యాక జీతం బదులు పింఛను వచ్చింది గానీ, ఆ నడకకు బదులుగా ఏమీ రాలేదు. ‘నీళ్లెప్పుడొస్తయి’ అని ఊరంతా అడిగిన మనిషిని ఇప్పుడు ‘చాయ్ తాగుతవా’ అని తప్ప ఎవరూ ఏమీ అడగడం లేదు. ఆకలి చావడంలోనూ నిద్ర చెడడంలోనూ ఈ రెండింటికీ వాటా ఉందని నేను అనుకుంటున్నాను.

చక్కెర సంగతి తేలిన వెంటనే, అల్పాహారం తర్వాత అరగంట చొప్పున వారానికి ఐదు రోజులైనా నడవడం మొదలుపెట్టండి. పాత గట్టు మీదే నడిచినా మంచిదే, కాకపోతే బూట్లు వేసుకొని, చక్కెర పడిపోతే వేసుకోవడానికి జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలు ఉంచుకోవాలి. పగటి నిద్ర అరగంట దాటనివ్వకండి. ఎవరో ఒకరు మీ కోసం ఎదురుచూసే పని ఒకటి, వేళ తప్పకుండా చేయవలసినది, పెట్టుకోండి: మనవడిని బడికి దింపడం కావచ్చు, మీ స్థానంలో వచ్చిన కుర్రాడికి ఏ షట్టర్ మొరాయిస్తుందో, ఏ మలుపు దగ్గర గట్టు బలహీనమో చూపించడం కావచ్చు. అలాంటివి ఏ రిజిస్టరులోనూ రాసి ఉండవు.

‘ఉద్యోగం పురుష లక్షణం’ అన్న మాటలో ఉద్యోగమంటే ప్రయత్నం, పూనిక అని అర్థం. భారతంలోని ఉద్యోగపర్వంలో ఎవరికీ నెల జీతం కొలువు దొరకదు. అక్కడ జరిగేదంతా రాయబారాలు, యుద్ధ సన్నాహాలు. విరమణ వయసు కూడా ప్రభుత్వ ఉత్తర్వులోని అంకె మాత్రమే. మన రాష్ట్రంలో చాలామంది ఉద్యోగులకు 58గా ఉన్నదాన్ని 2021లో 61 చేశారు. ఆ మూడేళ్లలో ఎవరి గుండె, ఎవరి కీళ్లు కొత్తవైపోలేదు.

మందు ఉందా అని అడిగారు. మూడున్నరకు చూసిన చక్కెర ప్రతిసారీ సరిగానే ఉండి, రక్తపరీక్షల్లోనూ తేడా లేకపోతే, అప్పుడు డిప్రెషన్‌ను అనుమానించాలి. తెల్లవారుజామునే మెలకువ రావడం, ఆకలి చావడం, దేని మీదా మనసు నిలవకపోవడం రెండు వారాలు దాటితే దానికి కచ్చితంగా చికిత్స ఉంది, అయితే అది దుకాణంలో అడిగి తెచ్చుకునే నిద్రమాత్ర కాదు. నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవవచ్చు. అంత దూరం వెళ్లే ముందు మాట్లాడాలనిపిస్తే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. బతికి ఏం లాభమన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు గ్లూకోమీటరు అంకెలు రాసిన కాగితం, వాడుతున్న మాత్రల పట్టీ వెంట తీసుకెళ్లి, మీ అబ్బాయిని కూడా లోపలికి పిలవండి. ‘సల్లగ కూసో’ అనకూడదని ఆయనకు డాక్టరే చెబితే మేలు.