పెరటి మామిడి, మునగపువ్వు, వేపపువ్వు: వేసవిలో మా ఇంటి వంట

పెరట్లో మామిడి, మునగ, వేప, అరటి ఉన్నాయని, ఆవకాయ పెట్టుకోవడం, పండ్లు తినడం తప్ప వాటిని రోజువారీ వంటకు ఎలా వాడుకోవాలో చెప్పమని అడిగారు. గుంటూరు జిల్లాలోని మా ఇంట్లోనూ ఇంచుమించు ఇవే చెట్లు. ఎండలు ముదిరి ఆకుకూరలు వాడిపోయే రోజుల్లో మా వంటింటిని నడిపేవి ఇవే.

ముందు మామిడికాయ. వంటల పుస్తకాల్లో ‘మామిడికాయ ఒకటి’ అని రాస్తారు, ఏ చెట్టు కాయో చెప్పరు. పుల్లటి నాటుకాయ సగం వేస్తే చాలు పప్పు పులుపెక్కుతుంది, కలెక్టరు కాయ మొత్తం వేసినా చప్పగానే ఉంటుంది. కాబట్టి కాయ తరగగానే చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి. ఆ పూట ఏం వండాలో అప్పుడే తేలిపోతుంది. బాగా పుల్లనిదైతే పప్పులోకి, రోటి పచ్చడిలోకి. పులుపు ఓ మోస్తరుగా ఉంటే కోరి పులిహోరలోకి. దోరగా పండి తీపి తిరిగిందా, బెల్లం వేసి పులుసు పెట్టండి.

కందిపప్పు మెత్తగా ఉడికాకే మామిడి ముక్కలు వేయాలి. పులుపు ముందే తగిలితే పప్పు ఓ పట్టాన ఉడకదు. కుక్కరులో పెడితే ముక్కలకు వేరే గిన్నె వాడండి. టెంకను కూడా పప్పులో వేయండి, మా ఇంట్లో దానికోసం పిల్లలు పోటీ పడతారు. పులిహోరకైతే కోరును పోపులో ఒక్క నిమిషం మగ్గనిచ్చి, చల్లారిన అన్నంలో కలపండి.

మునగపూలను కొమ్మల నుంచి దూసేస్తే ఆ మేరకు కాయలు పోతాయి. ఎలాగూ చాలా పూత రాలిపోతుంది కనుక నేను రాత్రి చెట్టు కింద పాత చీర పరిచి, తెల్లవారి ఎండ రాకముందే ఏరుకుంటాను. ఉప్పునీళ్లలో కాసేపు ఉంచితే చీమలు, పురుగులు తేలిపోతాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక పూలు వేసి మూత పెట్టకుండా వేయించి, దించే ముందు వేయించిన నువ్వుల పొడి చల్లండి. గుడ్లు తినేవారు రెండు గుడ్లు కొట్టి వేసుకుంటే ఇంకా బాగుంటుంది. పూలు మగ్గితే గుప్పెడవుతాయి, అందుకే గిన్నె నిండా ఉన్నాయని ఉప్పు ఎక్కువ వేయకండి.

నాకు అన్నిటికన్నా ఇష్టం వేపపువ్వు. ఉగాది పచ్చడి అయిపోగానే చాలామంది దాన్ని మరిచిపోతారు, నాకది నిజంగా బాధగా ఉంటుంది. రాలిన పువ్వును ఏరి, పుల్లలు చెరిగి, ఎండబెట్టి సీసాలో పోసుకుంటే ఏడాదంతా ఉంటుంది. చెంచాడు పువ్వును నేతిలో సన్నని సెగ మీద వేయించండి. పసుపుపచ్చ రంగు పోయి గోధుమరంగు దాటి, నల్లబడబోయే ముందు కమ్మటి వాసన వస్తుంది. అప్పుడు దించేయాలి. వేడన్నంలో ఉప్పు, ఆ నెయ్యి, ఆ పువ్వు కలిపి మొదటి ముద్ద తినండి. చారులో వేసుకోవాలంటే చారు దించాకే వేయండి, కలిపి మరిగిస్తే చారులోకి చేదు దిగుతుంది.

అరటిపువ్వుకు ఓపిక కావాలి, సెలవు రోజున పెట్టుకోండి. చేతులకు నూనె రాసుకుని, ప్రతి చిన్న పువ్వులోంచీ మెత్తబడని గట్టి కాడను, పలుచని పొరను తీసేయాలి. తరిగిన వెంటనే మజ్జిగ నీళ్లలో వేస్తే నల్లబడదు. తర్వాత కచ్చాపచ్చాగా దంచి, ఉప్పు, పసుపు కలిపి గట్టిగా పిండి, ఉడికించి పోపు వేయండి. పొయ్యి ఆపాక నూరిన ఆవ కలపండి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. పెరట్లో పూసే ప్రతి పువ్వూ తినేది కాదు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త విషం. పిల్లలు మీతోపాటు పూలు ఏరుతుంటే ముందు ఈ చెట్లను చూపించి చెప్పండి. పురుగుమందు కొట్టిన చెట్ల పూలు కూడా వంటకు వద్దు. మామిడికాయ కోసినప్పుడు తొడిమ దగ్గర కారే సొన చర్మానికి తగిలితే పొక్కుతుంది, కాయను కాసేపు నీళ్లలో ఉంచి కడిగాకే తరగండి.

మీ వేపచెట్టు ఇప్పుడు పూతలో ఉంటే ముందు ఆ పని చూడండి. మామిడికాయలు ఇంకొన్ని వారాలు ఆగుతాయి, వేపపువ్వు మాత్రం గట్టి వాన ఒక్కటి పడితే నేలపాలే.