ఐదో మానిటర్ వెలగనప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

లినక్స్ కంప్యూటర్‌కి తగిలించిన 4కే (3840×2160) మానిటర్లు నాలుగు వెలిగి ఐదోది మొండికేస్తే డ్రైవర్ పీకేసి మళ్లీ వేయడం మొదలుపెట్టకు. అందులో సాయంత్రం గడిచిపోతుంది, ఫలితం ఉండదు. మానిటర్ ఆగిపోవడానికి మామూలుగా మూడు హద్దులుంటాయి: ఎక్స్ సర్వర్ (లినక్స్‌లో తెర బొమ్మను నడిపే ప్రోగ్రాం, పొట్టిగా ఎక్స్) గీసే మొత్తం ఫ్రేమ్‌బఫర్ (తెర బొమ్మ మొత్తాన్ని ఉంచే మెమరీ) కొలత, గ్రాఫిక్స్ కార్డులోని సీఆర్‌టీసీల (ఒక్కో మానిటర్‌కి బొమ్మ పంపే భాగాల) సంఖ్య, కేబుల్ మోయగల డేటా. ఏది అడ్డుపడిందో తేల్చుకున్నాకే చెయ్యి పెట్టు.

మొదట ఐదోదాని కేబులూ పోర్టూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. వెలుగుతున్న నాలుగింటిలో ఒకటి ఆపి ఐదోది ఆన్ చెయ్యి. వెలిగితే ఆ దారి బాగున్నట్టే. తర్వాత అన్నింటినీ 1920×1080కి దించి, స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మలు పెద్దవి చేసే సెట్టింగ్) తీసేసి, ఐదూ ఒకేసారి వెలిగించి చూడు. పక్కపక్కన పెట్టినా వెడల్పు 9600 మించదు, కేబుల్ మీద భారమూ తక్కువే. అప్పుడూ ఐదోది రాకపోతే సీఆర్‌టీసీలు చాలడం లేదని దాదాపు ఖాయం. వస్తే మిగిలిన రెండు హద్దుల్లో ఏదో ఒకటి.

నాలుగు దగ్గర ఈ పరీక్ష తప్పనిసరి. ఎందుకంటే రెండు హద్దులు సరిగ్గా అక్కడే కలుస్తాయి. టెర్మినల్‌లో ఎక్స్‌రాండ్ఆర్ (xrandr) అనే ఆదేశం కొట్టి మొదటి వరుసలో మ్యాక్సిమమ్ పక్కనున్న అంకె చూడు. చాలా కార్డుల్లో అది 16384×16384. ఎక్స్‌లో అన్ని మానిటర్లూ ఒకే పెద్ద ఫ్రేమ్‌బఫర్‌లో ముక్కలు. 3840 చొప్పున నాలుగు వరుసగా పెడితే 15360, పడుతుంది. ఐదైతే 19200, పట్టదు. అప్పుడు 'స్క్రీన్ కెనాట్ బీ లార్జర్ దాన్' అని మొదలయ్యే సందేశం వస్తుంది. అదే సమయంలో మామూలు జీఫోర్స్ కార్డులు, టైగర్ లేక్ తరం ఇంటెల్ చిప్‌లు ఒకేసారి నడిపేవి కూడా నాలుగే. వాటిలో హద్దు దాటితే 'కెనాట్ ఫైండ్ సీఆర్‌టీసీ' అంటుంది. ఈ రెండు సందేశాలనూ కలిపేసుకోకు. ఇంకా పాత ఇంటెల్‌లో ఐవీ బ్రిడ్జ్‌కి మూడు, శాండీ బ్రిడ్జ్‌కి రెండే. వెనకాల పోర్టులు ఎన్ని ఉన్నాయన్నది లెక్కలోకి రాదు.

ఫ్రేమ్‌బఫర్ హద్దయితే కొత్త సామాను ఏదీ అక్కర్లేదు, అమరిక మార్చు. పైన మూడు, కింద రెండు పెడితే 11520×4320. నిలువుగా తిప్పి ఐదూ వరుసగా పెడితే 10800×3840. రెండూ హాయిగా పడతాయి. ఎక్స్‌ఓఆర్‌జీ కాన్ఫ్ (xorg.conf) అనే ఎక్స్ సెట్టింగుల ఫైల్లో వర్చువల్ అనే వరుసకి పెద్ద అంకె రాస్తే పని అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకు. హార్డ్‌వేర్ టెక్స్చర్ హద్దును (కార్డు ఒకే బొమ్మగా గీయగల గరిష్ఠ కొలతను) ఆ వరుస పెంచలేదు. అసలు ఎక్స్ ప్రోటోకాల్‌లోనే నిరూపకాలు 16 బిట్లవి కాబట్టి 32767 దాటి ఎవరూ పోలేరు.

స్కేలింగ్ దగ్గర మరీ జాగ్రత్తగా ఉండు. మూడే మానిటర్లున్నా పడగొట్టేది ఇదే. ఎక్స్ సెషన్‌లో 125 శాతం అడిగితే కొన్ని డెస్క్‌టాప్‌లు ముందు రెండింతలుగా గీసి ఆపైన కుదిస్తాయి. అలా ఒక్కో 4కే మానిటర్ 6144 పిక్సెళ్లు తింటుంది, మూడు కలిస్తే 18432. స్కేలింగ్ బదులు ఫాంట్ల డీపీఐ పెంచితే ఈ బాధ ఉండదు.

ఇంకో లక్షణం కూడా గుర్తుపెట్టుకో. మౌస్ బాణం అంతటా తిరుగుతుంది, కానీ ఒక గీత దాటాక వాల్‌పేపర్ నల్లగానో చెత్తగానో కనిపిస్తుంది. ఎక్స్ ఒప్పుకున్నా కంపోజిటర్ (విండోలన్నీ కలిపి తెర బొమ్మగా కూర్చే ప్రోగ్రాం) టెక్స్చర్ హద్దు దాటిందని అనుమానించు. జీఎల్ఎక్స్ఇన్ఫోని ఎల్ ఆప్షన్‌తో (glxinfo -l) నడిపి మ్యాక్స్ టెక్స్చర్ సైజ్ చూడు. రెండరర్ పేరు ఎల్‌ఎల్‌వీఎం‌పైప్ అని ఉంటే మాత్రం కార్డు పనిచేయడం లేదు, ప్రాసెసరే గీస్తోంది. ముందు ఆ సంగతి చూసుకో.

సీఆర్‌టీసీలు చాలకపోతే రెండో కార్డు పెట్టవచ్చు. ఎక్స్‌రాండ్ఆర్‌కి లిస్ట్‌ప్రొవైడర్స్ ఆప్షన్ ఇస్తే రెండూ కనిపించాలి. సెట్‌ప్రొవైడర్‌అవుట్‌పుట్‌సోర్స్‌తో వాటిని కలపాలి. అయితే ఇలా కలిపినా స్క్రీన్ మొత్తం ఒకటే, గీసేది మొదటి కార్డే. కాబట్టి 16384 హద్దు అలాగే ఉంటుంది. రెండో కార్డు కొని వరుసగా ఐదు పెడదామనుకుంటే డబ్బు దండగ.

ఇక 'కాన్ఫిగర్ సీఆర్‌టీసీ ఫెయిల్డ్' అని వస్తే మొదట కేబుల్‌ని, గొలుసుకట్టును (ఒక మానిటర్ నుంచి ఇంకోదానికి కేబుల్ వేయడాన్ని) అనుమానించు. డిస్‌ప్లేపోర్ట్ 1.2 మోసేది సెకనుకు 17.28 గిగాబిట్లు, 60 హెర్ట్జ్ 4కేకి దాదాపు 12.8 కావాలి. అంటే ఒకే పోర్టు నుంచి గొలుసుగా రెండు 4కేలు పోవు. హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. 30కి దించితే వెలిగిందా, దోషం అక్కడే.

ఎక్స్‌కి బదులుగా వాడే వేలాండ్ సెషన్‌లోకి కూడా ఒకసారి లాగిన్ అయి చూడు. అక్కడ ఒక్కో మానిటర్‌కి విడి బఫర్ ఉంటుంది, మొత్తం వెడల్పు హద్దు తగలదు. సీఆర్‌టీసీ, కేబుల్ హద్దులు మాత్రం అక్కడా అవే.

ఇవేవీ తేల్చకపోతే రూట్‌గా (అన్ని అధికారాలున్న ఖాతాతో) కెర్నల్‌లో తెరలను నడిపే డీఆర్ఎం మాడ్యూల్ పారామీటర్లలోని డీబగ్ ఫైల్లో 6 రాసి, మానిటర్ ఆన్ చేసి, వెంటనే డీమెస్గ్ (కెర్నల్ సందేశాల లాగ్) చదువు. కెర్నల్ ఏ మోడ్‌ని ఎందుకు తోసిపుచ్చిందో అందులో దొరుకుతుంది. చూశాక మళ్లీ 0 రాయి, లేకపోతే లాగ్ నిండిపోతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న